ముందు ఎడమ చక్రం దగ్గర టకటక: సస్పెన్షన్ మొత్తం మార్చాలా?

సూర్యాపేట_వంశీ
మాది ఏడేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 82,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా చిన్న చిన్న గతుకుల మీద ముందు ఎడమవైపు నుంచి టకటకమని చప్పుడు వస్తోంది. హైవే మీద 90లో పోతుంటే ఏమీ ఉండదు. మా వీధిలో నీళ్ల పైపు కోసం తవ్వి పూడ్చిన చోట 15, 20లో పోతే మొదలవుతుంది. విచిత్రం ఏమిటంటే పెద్ద స్పీడ్ బ్రేకర్ నెమ్మదిగా ఎక్కి దిగితే అసలు రాదు.

ఆయిల్ మార్పించడానికి సర్వీస్ సెంటర్‌లో ఇస్తే "సస్పెన్షన్ మొత్తం పోయింది సార్" అని 41,600 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ముందు షాకబ్జర్లు, వాటిని పైన బాడీకి కలిపే మౌంట్లు, చక్రాన్ని కిందినుంచి బండికి కలిపే లోయర్ ఆర్ములు రెండూ, లింక్ రాడ్లు, వెనక షాకబ్జర్లు, అన్నీ రాసేశారు. ఏది పోయిందో చూపించండి అంటే బండి లిఫ్ట్ మీద నుంచి దించేశాం అన్నారు. వచ్చే నెల అమ్మానాన్నలను తీసుకుని తిరుమల వెళ్లాలి. ఘాట్ రోడ్డులో ఏమన్నా అయితే ఎలా అని టెన్షన్‌గా ఉంది. నిజంగా పోయిందేదో మనంతట మనం ఎలా తెలుసుకోవాలి?

చీరాల_చిన్నోడు
ముందు డిక్కీ ఖాళీ చేసి ఒక రౌండ్ తిప్పు తమ్ముడూ. జాకీ, స్పానర్, స్టెప్నీ అన్నీ ఇంట్లో పెట్టేసి వెళ్లు. మా బావగారు నెల రోజులు షాకబ్జర్ అనుకుని తిరిగారు. తీరా చూస్తే జాకీ క్లిప్పు ఊడి డిక్కీలో దొర్లుతోంది.

సూర్యాపేట_వంశీ
అన్నా, అది అయింది. సీట్ బెల్ట్ బకిల్ కూడా పట్టుకుని చూశాను. చప్పుడు కిందనుంచే. కాళ్ల దగ్గర తెలుస్తోంది.

కూకట్‌పల్లి_కార్తీక్
చప్పుడేగా. బండి పక్కకు లాగట్లేదు, టైరు అరగట్లేదు అంటే వదిలేయ్. నా బండిలో ఇలాంటి టకటకతోనే 30,000 తిరిగాను. ఏమీ కాలేదు. మన రోడ్లకు కొత్తది వేసినా ఆరు నెలల్లో మళ్లీ మొదలు.

ఆటోనగర్_మస్తాన్
వంశీ, నువ్వు చెప్పిన ఆ విచిత్రంలోనే సగం జవాబు ఉంది. బెజవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. కస్టమర్ ఇంత వివరంగా చెబితే మాకు అరగంట పని తగ్గుతుంది.

ముందు రెండు చక్రాలను కలుపుతూ అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. స్టెబిలైజర్ బార్ అంటాం. మలుపులో బండి ఒక పక్కకు ఒరగకుండా పట్టేది అదే. దాని రెండు చివర్లను చక్రాల వైపు కలిపేవి లింక్ రాడ్లు, జానెడు పొడవు ఉంటాయి. పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి కాబట్టి ఆ కడ్డీ మెలిపడదు, లింక్ రాడ్ మీద బరువు పడదు, చప్పుడు రాదు. మీ వీధిలో పూడ్చిన గుంతల మీద ఒక చక్రం లేస్తే ఇంకోటి దిగుతుంది. అప్పుడు కడ్డీ అటూ ఇటూ మెలిపడుతుంది. లింక్ రాడ్ చివరి గుండులో కొంచెం ఆట, అంటే వదులు, వచ్చినా టకటకమంటుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు చిన్న గతుకుల మీదే వస్తోంది అంటే నా అనుమానం మొదట దాని మీదే. జత రెండు వేలలోపు అయిపోయే సామాను.

అలాగని వేరేవి బాగున్నాయని చూడకుండా చెప్పను. చప్పుడు ఎప్పుడు వస్తోందో రాసి పెట్టు. బ్రేక్ వేసినప్పుడు, రివర్స్ వేసి మళ్లీ ముందుకు కదిలినప్పుడు "టక్" అని ఒక్కసారి వస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్ (అది బండికి కలిసే చోట ఉండే రబ్బరు) పోయినట్టు. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే "టంగ్" అని స్ప్రింగ్ సాగినట్టు వస్తే పైన మౌంట్‌లో బేరింగ్. పెద్ద గుంతలో పడితే "దబ్" అని ఇనుముకు ఇనుము తగిలినట్టు ఉంటే షాకబ్జర్ చేతులెత్తేసి, పెద్ద దెబ్బను ఆపే రబ్బరు, బంప్ స్టాపర్, కూడా అరిగిపోయి ఉంటుంది. ఎండాకాలంలో కిర్రు కిర్రుమంటే రబ్బరు బుష్ ఎండిపోయినట్టు.

ఇంకో ముక్క. ఆ గతుకుల మీద పోతూనే బ్రేక్ పెడల్ మీద కాలు కొంచెం ఆనించు. చప్పుడు ఠక్కున ఆగిపోతే అది సస్పెన్షన్ కాదు, బ్రేక్ ప్యాడ్లు గానీ, వాటిని పట్టుకునే క్యాలిపర్ పిన్నులు గానీ వదులైనట్టు.

నెల్లూరు_మధు
ఆ చివరి ముక్క బంగారం. మా బండికి లింక్ రాడ్లు, బుష్‌లు అన్నీ మార్చాక కూడా పోని చప్పుడు, క్యాలిపర్ పిన్నులకు గ్రీజు రాస్తే పోయింది.

ఒంగోలు_ఉమ
కార్తీక్ గారూ, "చప్పుడేగా వదిలేయ్" అనే మాట అందరికీ చెప్పకండి. మా ఇంట్లో అదే అనుకున్నాం. ముందు కుడివైపు టక్ టక్ అంటుంటే మా వారు "తర్వాత చూద్దాం" అని నాలుగు నెలలు నడిపారు. ఒకరోజు పిల్లలను స్కూల్ నుంచి తీసుకొస్తుంటే రైల్వే గేటు దగ్గర పట్టాలు దాటగానే బండి ముందు భాగం దబ్బున కూలబడింది. దిగి చూస్తే కుడి చక్రం పైభాగం లోపలికి వాలిపోయి, ఫెండర్‌కు ఆనుకుని ఉంది. లోయర్ ఆర్మ్ చివర చక్రాన్ని కలిపే బాల్ జాయింట్ ఊడిపోయింది అన్నారు. మేము పది స్పీడులో ఉన్నాం కాబట్టి సరిపోయింది. అంతకు పది నిమిషాల ముందు బైపాస్ మీద 80లో వచ్చాం. అది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

కూకట్‌పల్లి_కార్తీక్
అమ్మో. అక్కా, నాది లింక్ రాడ్ అని మెకానిక్ చూసి చెప్పాకే తిరిగాను. ఆ ముక్క రాయకపోవడం నా తప్పు. ఏది పోయిందో తెలియకుండా వదిలేయమనను.

ఆటోనగర్_మస్తాన్
ఉమ గారు చెప్పినట్టయిన బండ్లు మా షెడ్డుకు ఏడాదికి రెండు మూడు టోయింగ్ మీద వస్తాయి. లింక్ రాడ్ విరిగినా బండి ఇంటికి చేరుతుంది, మలుపులో ఎక్కువ ఊగుతుంది, అంతే. బాల్ జాయింట్ ఊడితే చక్రం మన మాట వినదు. చెవికి రెండూ టక్ టక్కే. అందుకే బండి కింద చూడకుండా చప్పుడు విని తీర్పు చెప్పే మెకానిక్‌ను నమ్మొద్దు. అన్నీ మార్చమనేవాడినీ నమ్మొద్దు, ఏమీ కాదనేవాడినీ నమ్మొద్దు.

మదనపల్లె_బుల్లెట్
బానెట్ మూల మీద చేత్తో గట్టిగా నొక్కి వదిలితే చాలు కదా? ఒకసారి లేచి ఆగిపోతే షాకబ్జర్ బాగున్నట్టు, రెండు మూడు సార్లు ఊగితే పోయినట్టు. మా నాన్న కాలం నుంచీ ఇదే టెస్టు.

టైర్లకొట్టు_తాతాజీ
నాన్నగారి కాలం అంబాసిడర్‌కు అది సరిగ్గా సరిపోయే టెస్టు. ఇప్పటి గ్యాస్ నింపిన షాకబ్జర్లకు పూర్తిగా నమ్మడానికి లేదు బుల్లెట్ గారూ. ఊగుతూనే ఉంటే పోయినట్టే, అనుమానం లేదు. కానీ ఊగలేదు కాబట్టి బాగుంది అనడానికి లేదు. చేత్తో నొక్కే వేగం వేరు, 60లో గుంతలో పడే వేగం వేరు.

నేను టైరు చూసి చెబుతాను. చెయ్యి టైరు చుట్టూ నెమ్మదిగా జరపండి. అక్కడక్కడ పల్లం, మళ్లీ మిట్ట, మళ్లీ పల్లం తగిలితే ఆ చక్రం రోడ్డు మీద ఆనకుండా ఎగురుతోంది, అంటే షాకబ్జర్ పట్టడం లేదు. లోపలి అంచు ఒక్కటే బోడిగా ఉంటే అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణం) తప్పింది, లేదా బుష్ పోయి చక్రం వాలింది. ఆ లోపలి అంచు నిలబడి చూస్తే కనిపించదు. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, వంగి చూడాలి. అలైన్‌మెంట్ చేసిన మూడు నెలలకే మళ్లీ తప్పుతోందంటే అలైన్‌మెంట్ వాడిని తిట్టుకోవద్దు, కింద ఏదో వదులుగా ఉంది. ఆ వదులు తీయకుండా ఎన్నిసార్లు చేయించినా డబ్బు దండగ.

గాలి ఎంత ఉందో కూడా చూసుకోండి. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చిన్న కార్లకు 30 నుంచి 33 దాకా ఉంటుంది. కొందరు అడక్కుండానే 40 కొట్టేస్తారు. అప్పుడు ప్రతి గతుకూ నడుముకు తగులుతుంది, జనం సస్పెన్షన్ పోయిందని గ్యారేజీకి పోతారు.

లారీబాబాయ్
మీ చిన్న బండ్లకు ఇన్ని పేర్లా! మా లారీలకు కమాన్ కట్టలు (స్ప్రింగుగా పనిచేసే ఇనుప పట్టీల కట్టలు), షాకబ్జర్లు, అంతే. పొద్దున్నే బండి తీసే ముందు చుట్టూ తిరిగి కమాన్ కట్టలు చూడటం నాకు మా గురువు నేర్పింది. పట్టీ విరిగితే అక్కడ కొత్త ఇనుము మెరుస్తూ కనిపిస్తుంది, బండి ఆ పక్కకు ఒరుగుతుంది. ఆ పట్టీలను మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బోల్టు తెగితే ఇంకా ప్రమాదం. యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరుగుతుంది. బండి పీతలా పక్కవాటుగా నడుస్తుంది. వెనకాల వచ్చే డ్రైవర్ హారన్ కొట్టి చెబితేనే మనకు తెలుస్తుంది.

మాకు ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ పరీక్ష, ఉంటుంది కాబట్టి కొంత భయం. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. మీ సొంత కార్లకు 15 ఏళ్ల దాకా కింద చూసే నాథుడే లేడు కదా.

లీడ్స్_లక్ష్మి
బాబాయ్ గారు చెప్పింది నిజం. ఇక్కడ ఇంగ్లాండులో కారుకు మూడేళ్లు నిండాక ఏటా ఎంఓటీ అనే పరీక్ష ఉంటుంది. అందులో సస్పెన్షన్ కూడా చూస్తారు. స్ప్రింగ్ విరిగినా, షాకబ్జర్ నుంచి ఆయిల్ బాగా కారినా ఫెయిల్. పోయిన చలికాలం నా కారు అలాగే ఫెయిలయింది. వెనక ఎడమ స్ప్రింగ్ కింది చుట్టు విరిగింది. నాకు నడుపుతుంటే ఏ తేడా తెలియలేదు. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దానికి స్ప్రింగులు తుప్పు పట్టి విరుగుతాయి. ఎంఓటీ లేకపోతే ఆ విరిగిన మొన టైరుకు గుచ్చుకునేదాకా నాకు తెలిసేది కాదు.

భీమిలి_గాలి
ఉప్పు చల్లకుండానే మాకు సముద్రం ఇస్తుంది అక్కా 😀 బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే బండ్లకు స్ప్రింగులు తుప్పు పట్టేది ఎక్కువ. నేనైతే నెలకోసారి టైరుకూ పైన ఫెండర్‌కూ మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో కొలుస్తాను. బండి చదునైన చోట ఖాళీగా ఉండాలి. ఎడమకూ కుడికీ తేడా వస్తే స్ప్రింగ్ మీద అనుమానం.

హనుమకొండ_హర్ష
బైకులకు కూడా ఇక్కడే అడగొచ్చా? నా బండి ముందు ఫోర్క్ మీద ఆయిల్ జిడ్డు కనిపిస్తోంది. బ్రేక్ వేస్తే ముందుకు బాగా కుంగుతోంది.

మదనపల్లె_బుల్లెట్
ఫోర్క్ ఆయిల్ సీల్ పోయింది. ఇవాళే చూపించు. ఆ ఆయిల్ డిస్క్ మీదకు జారితే ముందు బ్రేక్ పట్టదు. రెండు వైపులా సీళ్లు, ఆయిల్ కలిపి మార్పించు. బండి సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం నేలకు తగలకుండా లేపి, ఫోర్కులు రెండూ కింద పట్టుకుని ముందుకు వెనక్కి ఊపు. టక్ అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, కోన్‌సెట్, వదులు.

గుంతకల్లు_గని
వంశీ బ్రో, అంత ఖర్చెందుకు? స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించు. ఆన్‌లైన్‌లో నాలుగూ కలిపి రెండు మూడు వేలు. బండి ఎత్తు పెరుగుతుంది, స్పీడ్ బ్రేకర్లకు కింద తగలదు. నా బండికి పెట్టించి ఏడాది అయింది.

ఆటోనగర్_మస్తాన్
గని, నీతో ఈ విషయంలో ఒప్పుకోను. స్ప్రింగ్ చుట్ల మధ్య రబ్బరు ఇరికిస్తే ఆ చుట్లు పని చేయడం మానేస్తాయి. స్ప్రింగ్ మింగాల్సిన దెబ్బ మౌంట్‌కూ బాడీకీ పోతుంది. బండి ఎత్తుగా కనిపిస్తుంది కాబట్టి బాగుపడిందనిపిస్తుంది. ఆయిల్ కారిపోయిన షాకబ్జర్ అలాగే ఉంటుంది. నొప్పి తగ్గే మాత్ర వేసుకుని విరిగిన కాలితో నడిచినట్టు.

గుంతకల్లు_గని
నాకు ఏడాదిలో ఏమీ కాలేదు మరి. ఐదుగురం ఎక్కినా కింద తగలడం లేదు.

టైర్లకొట్టు_తాతాజీ
ఐదుగురు ఎక్కితే కింద తగులుతోంది అన్నప్పుడే షాకబ్జర్లు, స్ప్రింగులు చూపించుకోవాల్సింది గని గారూ. ఒకసారి నాలుగు టైర్ల మీదా చెయ్యి జరిపి చూసి ఇక్కడ రాయండి.

సూర్యాపేట_వంశీ
ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. ఇవాళ ఆదివారం కాబట్టి పొద్దున్నే కూర్చుని అన్నీ చూశాను.

బ్రేక్ మీద కాలు ఆనించినా చప్పుడు ఆగలేదు. స్టీరింగ్ తిప్పితే ఏ చప్పుడూ లేదు. రివర్స్ వేసి బ్రేక్ కొట్టి మళ్లీ ముందుకు పోతే ఎడమవైపు ఒక్కసారి టక్. ఇది ఇన్నాళ్లూ గమనించనే లేదు. టైర్లలో ఎడమ ముందుది లోపలి అంచు కొంచెం అరిగింది, కుడిది బాగానే ఉంది. ఎడమ ముందు షాకబ్జర్ మీద తడిగా ఉంది, దానికి మట్టి అంటుకుని పేస్టులా అయింది. కుడిది పొడిగా ఉంది. వెనక రెండూ పొడిగా ఉన్నాయి. గాలి మాత్రం నాలుగింట్లోనూ 38 ఉంది, స్టిక్కర్ మీద 32 రాసి ఉంది. జాకీ మీద ఎడమ చక్రం లేపి లింక్ రాడ్ కదిపితే గట్టిగానే ఉంది.

ఆటోనగర్_మస్తాన్
శభాష్. ఒక్క చోట పొరపాటు పడ్డావు. ఒక చక్రమే లేపితే స్టెబిలైజర్ బార్ మెలిపడి లింక్ రాడ్ బిగుసుకుపోతుంది, ఆట ఉన్నా చేతికి తెలియదు. రెండు చక్రాలూ నేల మీద ఉండగా, ర్యాంప్ మీదో, గ్యారేజీలో కింద నిలబడి చూసే గుంట మీదో చూడాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద తల పెట్టొద్దు, అది ముందే చెప్పాల్సింది.

షాకబ్జర్ మీద పలుచని జిడ్డు ఉంటే కంగారు పడను. మట్టి పేస్టులా అంటుకుందంటే లోపలి ఆయిల్ బయటికి వస్తోంది. అది పోయింది. ఒక్కటే పోయినా ముందువి రెండూ కలిపి మార్చాలి, లేకపోతే ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా ఉండి బ్రేక్ వేసినప్పుడు బండి సరిగ్గా ఆగదు. రివర్స్‌లో టక్, లోపలి అంచు అరుగుదల కలిపి చూస్తే ఎడమ లోయర్ ఆర్మ్ బుష్. వెనక షాకబ్జర్లు పొడిగా ఉండి, బండి వెనక ఎగరకుండా ఉంటే ఇప్పుడు ఎందుకు మార్చడం?

మీ ఊళ్లో నమ్మకమైన మెకానిక్ దగ్గరకు వెళ్లు, పక్కనే నిలబడు. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపమను. ఆట ఉంటే ఒకరిని బ్రేక్ తొక్కమను. బ్రేక్ తొక్కితే ఆట ఆగిందంటే చక్రం బేరింగ్, తొక్కినా ఉందంటే బాల్ జాయింట్. తర్వాత రాడ్డు పెట్టి లోయర్ ఆర్మ్ బుష్ లేపి చూపించమను. రబ్బరు చిరిగి ఉంటే నీ కంటికే కనిపిస్తుంది.

లోయర్ ఆర్మ్ వేసేటప్పుడు బుష్ బోల్టులు బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించనివ్వకు. బండి దించి, బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు వేయాలి. గాల్లోనే బిగిస్తే బుష్ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, ఏడాది తిరక్కుండా చిరుగుతుంది. తొందరలో ఉన్నవాళ్లు చాలామంది ఇది చేయరు.

తిరుపతి_రెడ్డెమ్మ
తిరుమలకు పోయేటప్పుడు రెండో ఘాట్, దిగేటప్పుడు పాత ఘాట్ వస్తుంది. పాతది 1944లో తెరిచిన రోడ్డు, మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి. షాకబ్జర్ పోయిన బండి అక్కడ ప్రతి మలుపులో అటూ ఇటూ ఊగి వెనక కూర్చున్న పెద్దవాళ్లకు వాంతులు అవుతాయి. మా అత్తమ్మకు అయింది. సెకండ్ గేర్‌లో దిగండి, బ్రేక్ మీదే కాలు పెట్టి దిగొద్దు.

సూర్యాపేట_వంశీ
పని అయిపోయింది. మా మామయ్య ఎప్పుడూ తీసుకెళ్లే మెకానిక్ దగ్గర నాలుగు గంటలు పక్కనే నిలబడ్డాను. గుంట మీద పెట్టి లింక్ రాడ్ పట్టుకుని కదపగానే ఎడమది నా చేతిలోనే టకటకమంది. రెండు నెలలుగా వింటున్న చప్పుడు అదే! ఎడమ లోయర్ ఆర్మ్ వెనక బుష్ సగం దాకా చిరిగింది. బాల్ జాయింట్లు రెండూ గట్టిగా ఉన్నాయి. ఉమ గారు రాసింది చదివాక అదే ఎక్కువ భయపడ్డాను. కుడి లోయర్ ఆర్మ్, పైన మౌంట్లు, వెనక షాకబ్జర్లు బాగున్నాయని ఆయనే వద్దన్నాడు.

లింక్ రాడ్లు జత 1,850, ఎడమ లోయర్ ఆర్మ్ 2,700, ముందు షాకబ్జర్లు జత బంప్ స్టాపర్లతో కలిపి 7,300, కూలి 2,400, అలైన్‌మెంట్ 500. మొత్తం 14,750. బోల్టుల సంగతి నేను చెప్పబోతే ఆయనే "దించాక బిగిస్తాను, ఆగు బాబూ" అన్నాడు.

మా వీధి గుంతల మీద రెండుసార్లు అటూ ఇటూ తిప్పాను. చప్పుడు లేదు. బ్రేక్ వేస్తే ముందులా ముక్కు కుంగడం లేదు. అది ఇన్నాళ్లూ మామూలే అనుకున్నాను.

చీరాల_చిన్నోడు
ఆ మెకానిక్‌కు మా బావగారి తరఫున కూడా దండం.

టైర్లకొట్టు_తాతాజీ
అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ నేరుగా ఉందా? వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆ ఎడమ టైరు లోపలి అంచు మళ్లీ ఒకసారి చూడండి. గాలి 32కు దించారా?

సూర్యాపేట_వంశీ
స్టీరింగ్ నేరుగా ఉంది. గాలి దించాను. ఐదుగురికి, సామానుకు ఎంత పెట్టాలో కూడా అదే స్టిక్కర్‌లో విడిగా ఉంది, బయలుదేరే రోజు పొద్దున అది పట్టిస్తాను.

గుంతకల్లు_గని
తాతాజీ గారూ, టైర్ల మీద చెయ్యి జరిపి చూశాను. వెనక రెండింట్లో పల్లం మిట్ట పల్లం తగులుతోంది. శనివారం బండి చూపిస్తాను. మస్తాన్ అన్నా, బఫర్లు తీయించాకే చూపించాలా, ఉండగానే చూస్తారా?

ఆటోనగర్_మస్తాన్
తీయించాకే. అవి ఉండగా స్ప్రింగ్ అసలు ఎత్తు తెలియదు.